లోతుకు దిగేకొద్దీ: కోలారు బంగారం, నీళ్ళు, మన ఒళ్ళు

కోలారు పేరు చెప్పగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది బంగారం. ఈ సరిహద్దు తాలూకాల్లో ఉండేవాళ్ళకైతే ఆ వెంటనే గుర్తొచ్చేది నీళ్ళు. మొదటిది ఉండి పోయింది. రెండోది లేక ఇబ్బంది. ఈ రెండింటి కోసమూ మనవాళ్ళు నేలను తవ్వుతూనే వచ్చారు. తవ్విన ప్రతిసారీ నేల ఏదో ఒకటి ఇచ్చింది, దానితోబాటు ఒంటికి మరేదో అంటగట్టింది. ఒకప్పుడు వేడి, ఒకప్పుడు దుమ్ము, ఇప్పుడు నీళ్ళలో కంటికి కనబడకుండా కరిగివచ్చే ఫ్లోరైడు. ఇవాళ ఆ సంగతులు చెప్పుకుందాం. మధ్యమధ్య కొన్ని వింతలు, ఇంట్లో పనికొచ్చే కొన్ని జాగ్రత్తలు కూడా చెబుతాను. ముళబాగిలు, శ్రీనివాసపురం, బాగేపల్లి వైపు వాళ్ళకూ, కుప్పం, పలమనేరు, మదనపల్లి వైపు వాళ్ళకూ ఇవి ఒకటే. రాష్ట్రాల సరిహద్దు గీత నేలమీద ఉంది గాని, నేల కింద లేదు కదా.

బంగారం కథను 1802లో జాన్ వారెన్ అనే సర్వే అధికారితో మొదలుపెడతారు. టిప్పు సుల్తాను పోయిన తర్వాత మైసూరు తూర్పు సరిహద్దు కొలవడానికి వచ్చాడాయన. ఊరిగాం, మారికుప్పం పరిసరాల్లో మట్టి కడిగితే బంగారు రేణువులు వస్తాయని విని, తెచ్చి చూపించినవాళ్ళకు బహుమానం ఇస్తానన్నాడు. ఊరివాళ్ళు బండితో మట్టి తోలుకొచ్చి, ఆయన ఎదుటే కడిగి, రేణువులు తీసి చూపించారు. కనుక్కున్నది వారెన్ అని పుస్తకాల్లో ఉంటుంది గాని, ఆయనకు చూపించింది అక్కడి జనమే. అన్నట్టు, ఈ వారెన్ పుట్టుకతో ఫ్రెంచివాడు. తర్వాత మద్రాసు నక్షత్రశాలలో పనిచేశాడు. దక్షిణాది పంచాంగాల లెక్కలు నేర్చుకుని 1825లో ‘కాలసంకలిత’ అనే పెద్ద గ్రంథం వేశాడు. కోలారు బంగారం గురించి రాసిన మనిషే మన తిథుల లెక్క కూడా రాశాడన్నమాట.

వారెన్ రాసిపెట్టినది చదివి 1870ల్లో మైకేల్ లావెల్ అనే ఐరిష్ మాజీ సైనికుడు మైసూరు ప్రభుత్వం దగ్గర తవ్వకానికి అనుమతి పుచ్చుకున్నాడు. పెట్టుబడి చాలక హక్కులు ఇతరుల చేతికి పోయాయి. 1880లో లండనుకు చెందిన జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ వచ్చాకే గనులు నిలదొక్కుకున్నాయి. అక్కణ్ణుంచి 2001 ఫిబ్రవరి 28న మూతపడేదాకా, దాదాపు 120 ఏళ్ళలో, ఈ నేలలోంచి సుమారు 800 టన్నుల బంగారం తీశారు. చాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్లు దాటి దిగింది. ఒక్కసారి లెక్క వేసి చూడండి. కోలారు ప్రాంతం సముద్రమట్టానికి 800 మీటర్లకు పైగా ఎత్తున ఉంది. అంటే ఆ గని అడుగున నిలబడ్డ కూలీ సముద్రమట్టానికి 2 కిలోమీటర్లకు పైగా కిందన నిలబడ్డట్టు. మద్రాసు సముద్రం ఎప్పుడూ చూడనివాడు కూడా సముద్రం కన్నా లోతున రోజుకు ఒక షిఫ్టు పనిచేసి వచ్చేవాడు.

ఈ లోతు కొన్ని వింతలకు కారణమైంది. గనులకు కావలసిన కరెంటు కోసం 1902లో కావేరి మీద శివనసముద్రం దగ్గర జలవిద్యుత్తు తయారుచేసి, దాదాపు 150 కిలోమీటర్లు తీగలు లాగి ఇక్కడికి తెచ్చారు. ఆ రోజుల్లో అది ప్రపంచంలోనే చాలా పొడవైన లైన్లలో ఒకటి. బెంగుళూరు వీధుల్లో కరెంటు దీపాలు వెలిగింది 1905లో. రాజధాని కన్నా గని మూడేళ్ళు ముందు. ఇంకొకటి, 1965లో టాటా ఇన్‌స్టిట్యూట్ శాస్త్రజ్ఞులు, జపాన్, ఇంగ్లండ్ దేశాల వాళ్ళతో కలిసి, ఈ గనిలో 2 కిలోమీటర్లకు పైగా లోతున పరికరాలు పెట్టి, ఆకాశం నుంచి వచ్చే న్యూట్రినోలనే సూక్ష్మకణాల జాడ పట్టుకున్నారు. మిగతా కిరణాలను పైనున్న రాయి ఆపేస్తుంది, ఇవి మాత్రం అన్నిటినీ దూసుకుపోతాయి. అందుకే ఆకాశం సంగతి తెలుసుకోవడానికి పాతాళానికి దిగారు.

సరే, ఒంటి సంగతికి వద్దాం. ముందు వేడి. నేలలోపలికి వెళ్ళేకొద్దీ రాయి వేడెక్కుతుంది. ప్రపంచంలో చాలాచోట్ల కిలోమీటరుకు 25, 30 డిగ్రీలు పెరుగుతుంది. కోలారు రాయి 250 కోట్ల ఏళ్ళకు పైబడిన పాతరాయి, లోపలి వేడి చాలావరకు చల్లారింది. ఇక్కడ పెరుగుదల అందులో సగానికి అటూ ఇటూ. అందువల్లే అంత లోతు దిగడం సాధ్యమైంది. అయినా అట్టడుగున రాయి వేడి 60 డిగ్రీల సెల్సియస్ దాటేది. చెయ్యి ఆనిస్తే నిలవదు. పైనుంచి చల్లబరచిన గాలిని యంత్రాలతో లోపలికి పంపితే తప్ప మనిషి నిలవలేడు. అక్కడ మరో చిక్కు ఉంది. గాలిలో తేమ ఎక్కువ. మన ఒంటికి చలవ చేసేది చెమట కారడం కాదు, చెమట ఆరడం. తేమగాలిలో చెమట కారుతుందే గాని ఆరదు. కోలారు మెట్టగాలిలో 38 డిగ్రీలను ఓర్చుకునే మనిషి, అదే 38 డిగ్రీలకు నెల్లూరు ఒడ్డున సొమ్మసిల్లేది ఇందుకే. ఎండాకాలం తడిబట్టతో ఒళ్ళు తుడుచుకుని గాలి తగలనివ్వండి. చెమట ఆగిపోయి, ఒళ్ళు కాలిపోతూ, మాట తడబడితే అది వడదెబ్బ. నీడకు చేర్చి, ఒంటినిండా నీళ్ళు పోసి విసురుతూ ఆస్పత్రికి తీసుకుపోవాలి. స్పృహ లేనివాళ్ళ నోట్లో నీళ్ళు పొయ్యకండి.

చెమట గురించి గనులు నేర్పిన పాఠం ఇంకొకటి ఉంది. వేడి గనుల్లో పనిచేసేవాళ్ళకు పిక్కలు, పొట్ట కండరాలు మెలితిప్పినట్టు పట్టేసేవి. నీళ్ళు తాగనందుకు అనుకునేవారు. 1923లో ఇంగ్లండులో బొగ్గుగని కూలీలను పరిశీలించిన మాస్ అనే పరిశోధకుడు తిరకాసు ఎక్కడుందో చూపించాడు. వాళ్ళు నీళ్ళు బాగానే తాగుతున్నారు. చెమటతో పోయిన ఉప్పు మాత్రం తిరిగి చేరడం లేదు. వట్టినీళ్ళు తాగేకొద్దీ ఒంట్లో ఉప్పు ఇంకా పలచబడుతోంది. నీళ్ళలో కాస్త ఉప్పు కలిపి ఇస్తే నొప్పులు తగ్గాయి. మన ఇళ్ళలో అవ్వలు రాత్రి మిగిలిన సంగటిని నీళ్ళలో వేసి ఉంచి, పొద్దున మజ్జిగ పోసి, ఉప్పుకల్లు వేసి, ఉల్లిపాయ నంజుకోమని ఇచ్చిందీ ఆ మందే. పరిశోధన చెయ్యకుండా కనుక్కున్నారు. అయితే ఒక హెచ్చరిక. ఈ ఉప్పుమాట పొలంలో, ఇటుకబట్టీలో, ఎండలో చెమటోడ్చేవాళ్ళకు. ఫ్యాను కింద కూర్చుని పనిచేసేవాళ్ళకు, రక్తపోటు ఉన్నవాళ్ళకు కాదు.

రెండోది దుమ్ము. 1556లో అచ్చయిన గనుల శాస్త్రగ్రంథంలో జర్మనీకి చెందిన అగ్రికోలా ఒక సంగతి రాశాడు. కార్పేతియన్ కొండల గనుల దగ్గర ఒక్కొక్క స్త్రీ ఏడేసి మంది మగలను పెళ్ళాడిందట, ఏడుగురినీ దుమ్మురోగం తీసుకుపోయిందట. అంతకు చాలా ముందే, రోమను రచయిత ప్లినీ, సింధూరం దంచే పనివాళ్ళు జంతువుల మూత్రాశయపు తోలును ముఖానికి ముసుగుగా కట్టుకునేవారని రాశాడు. అంటే దుమ్ము ప్రాణం తీస్తుందని రెండువేల ఏళ్ళుగా మనిషికి తెలుసు. తెలిసినా, మన దేశంలో ఆ జబ్బు, సిలికోసిస్, మొదటగా నమోదైంది 1947లో, కోలారు గనుల్లోనే. తవ్వకాలు మొదలై అప్పటికి 67 ఏళ్ళు. అంతకుముందు దగ్గుతూ దగ్గుతూ ఊరికి తిరిగిపోయినవాళ్ళు ఎంతమందో లెక్కకు రాలేదు. ఆర్కాటు నుంచి, చిత్తూరు నుంచి, ఈ జిల్లా పల్లెల నుంచి పనికి వచ్చినవాళ్ళు వాళ్ళు. నా మటుకు నాకు, కోలారు చరిత్రలో 800 టన్నుల లెక్క కన్నా ఈ లేని లెక్కే పెద్దదనిపిస్తుంది.

ఆ జబ్బు తీరు చెబుతాను. రాతిలోని సిలికాను తొలిచినప్పుడు లేచే దుమ్ములో కంటికి కనబడే రేణువులు అంత ప్రమాదం కాదు. ముక్కూ గొంతూ వాటిని ఆపుతాయి. వెంట్రుక మందంలో పదోవంతు కన్నా సన్నవి ఊపిరితిత్తుల లోపలికి పోయి కూర్చుంటాయి. వాటి చుట్టూ మచ్చకట్టి ఊపిరితిత్తి గట్టిపడుతుంది. గట్టిపడ్డది మళ్ళీ మెత్తబడదు. ఆ ఊపిరితిత్తుల్లోకి క్షయ సులువుగా చేరుతుంది. గనులు మూతపడ్డాయి కదా, ఇక మనకెందుకు అనకండి. ఈ సరిహద్దు పొడుగునా రాతి క్వారీలున్నాయి, కంకర మిషన్లున్నాయి, గ్రానైటు కోసే షెడ్లున్నాయి. అక్కడ పనిచేసే పిల్లలెవరైనా మీ ఇంట్లో ఉంటే మూడు మాటలు చెప్పండి. రాయిని పొడిగా తొలవకుండా నీళ్ళు పోస్తూ తొలవాలి. కండువా కట్టుకుంటే పెద్ద దుమ్మే ఆగుతుంది, ప్రాణం తీసే సన్నదుమ్ము ఆగదు. దానికి ఎన్-95 లాంటి మాస్కు కావాలి. పనిబట్టలు ఇంట్లో దులపకూడదు, ఆ దుమ్ము పసిపిల్లలు పీలుస్తారు. రెండువారాలు మించి దగ్గు ఉంటే ప్రభుత్వ ఆస్పత్రిలో కఫం పరీక్ష చేయించండి, దానికి డబ్బు అక్కరలేదు.

రాబర్ట్‌సన్‌పేట, ఆండర్సన్‌పేట వైపు వాళ్ళకు సైనైడు దిబ్బల గురించి నేను చెప్పక్కర్లేదు. రాయిని పిండిగా కొట్టి, సైనైడుతో బంగారం లాగేశాక మిగిలిన మట్టి అది, మూడు కోట్ల టన్నులకు పైగా. సినిమాల్లో చూడడానికి బాగుంటాయి. ఆషాఢమాసం గాలికి లేచే ఆ దుమ్మూ సన్నదే. గాలిరోజుల్లో కిటికీలు మూసి, ఇల్లు ఊడ్చేబదులు తడిగుడ్డతో తుడవండి.

ఇక మూడోది, నా అసలు మాట. 3 కిలోమీటర్ల లోతుకు దిగిన ఈ గనుల ఊరు తాగింది ఏ నీళ్ళో తెలుసా? చెరువు నీళ్ళు. పాలారు మీదున్న బేతమంగళం చెరువు నుంచి నీళ్ళు తోడి, వడగట్టి, గొట్టాల్లో కేజీఎఫ్‌కు తెచ్చారు. 20వ శతాబ్దం మొదటి నుంచీ ఊరి దాహం తీర్చింది ఆ చెరువే. బేతమంగళానికి పాతపేరు విజయాదిత్యమంగళం. పదో శతాబ్దంలో నోళంబుల కాలాన ఆ చెరువుకు మరమ్మతు జరిగినట్టు శాసనం చెబుతుంది. వెయ్యేళ్ళనాటి చెరువు నీళ్ళు తాగి, పాతాళంలో పనిచేశారన్నమాట. ఉమ్మడి కోలారు జిల్లాలో ఇలాంటి చెరువులు నాలుగువేలకు పైగా ఉండేవి. ఏడాది పొడుగునా పారే నది ఒక్కటీ లేని జిల్లా ఇది. పాలారు, పెన్న, దక్షిణ పినాకిని ఇక్కడో, ఈ చుట్టుపక్కలో పుట్టి, మనకు తడి చూపించి కిందికి వెళ్ళిపోతాయి. అందుకే పెద్దలు వాన చుక్కను ఎక్కడికక్కడ కట్ట వేసి ఆపారు. చెరువు కింద బావుల్లో ముప్పై, నలభై అడుగులకు నీళ్ళుండేవి.

తర్వాత బోర్లు వచ్చాయి. మొదట రెండువందల అడుగులు, తర్వాత ఐదువందలు, ఇప్పుడు చాలా ఊళ్ళలో వెయ్యి దాటింది. బంగారం కోసం కంపెనీ దిగిన దారే, నీళ్ళ కోసం మనం దిగాం. పైనీరు నిన్నటి వాన. అడుగునీరు ఏళ్ళ తరబడి గ్రానైటు పగుళ్ళలో నిలవున్న నీరు. ఆ రాతిలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడు దానిలోకి కొద్దికొద్దిగా దిగుతుంది. లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా మంచిది, వేరే దారి లేకపోతే 1.5 దాకా ఓర్చుకోవచ్చునని మన ప్రభుత్వ ప్రమాణం. ఇందులో ఒక మోసం ఉంది. ఫ్లోరైడుకు రుచి లేదు, రంగు లేదు, వాసన లేదు. పైగా సున్నం ఎక్కువున్న చప్పటి గట్టినీళ్ళలో ఫ్లోరైడు నిలవడం తక్కువ. సబ్బు బాగా నురగొచ్చే మెత్తని నీళ్ళలోనే చాలాచోట్ల ఎక్కువ. ‘మా బోరు నీళ్ళు తియ్యగా ఉంటాయి’ అన్న మాటను నమ్ముకోవద్దు.

ఈ సంగతి బయటపడిన తీరు వింతగా ఉంటుంది. 1901లో అమెరికాలో కొలరాడోకు వెళ్ళిన మెకే అనే పళ్ళ డాక్టరు, ఊరంతటికీ పళ్ళమీద గోధుమరంగు మచ్చలుండడం చూసి ఆశ్చర్యపోయాడు. ఆ పళ్ళు పుచ్చిపోవడం మాత్రం తక్కువ. కారణం ఫ్లోరైడని తేలడానికి 1931 దాకా పట్టింది. కొంచెముంటే పంటికి బలం, మించితే మచ్చ, ఇంకా మించితే ఎముకకు చేటు. మన దేశంలో 1934లో హైదరాబాదు సంస్థానంలో పశువుల్లో ఇలాంటి జబ్బు ఉన్నట్టు రాశారు. 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో మనుషుల ఎముకలు బిగుసుకుపోవడానికి కారణం తాగేనీటి ఫ్లోరైడేనని షార్ట్ అనే డాక్టరూ, ఆయన తోటివాళ్ళూ చూపించారు. నడుం వంగి నిటారుగా నిలబడలేని మనుషులను నల్గొండ జిల్లాలో ఆ తర్వాత లోకమంతా చూసింది.

తల్లులకు ఒక మాట. పంటిమీద మచ్చ పడేది పన్ను తయారవుతున్నప్పుడే, అంటే పుట్టినప్పటి నుంచి ఎనిమిదేళ్ళ వయసు దాకా. ఆ తర్వాత ఎంత తోమినా ఆ మచ్చ పోదు. అది పళ్ళు తోమనందుకు వచ్చింది కాదు. బడిలో పిల్లవాణ్ణి ‘పళ్ళు తోముకోవా’ అని మందలించే మాస్టర్లూ, పెళ్ళిచూపుల్లో పిల్ల నవ్వు చూసి ముఖం తిప్పుకునే పెద్దలూ ఈ మాట వినాలి. ఆ మచ్చ ఊరి బోరుది, ఆ పిల్లది కాదు. ఇంట్లో మంచినీళ్ళు కొద్దిగానే దొరికితే ముందు ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకు, గర్భిణులకు ఇవ్వండి. పాలపొడి, అంబలి, పప్పు కలిపే నీళ్ళు కూడా లెక్కే.

కాచి తాగితే సరిపోతుంది కదా అంటారు. సరిపోదు. కాస్తే సూక్ష్మజీవులు చస్తాయి, ఫ్లోరైడు చావదు. నీళ్ళు ఆవిరై తగ్గితే మిగిలినవాటిలో ఇంకా చిక్కబడుతుంది. బట్టలో వడగట్టినా, కుండలో పోసినా, మామూలు క్యాండిల్ ఫిల్టరులో పోసినా అంతే. ఊళ్ళో నాణెం వేస్తే నీళ్ళిచ్చే శుద్ధజల కేంద్రం ఉంటే, ఆ ఆర్.ఓ. పద్ధతి ఫ్లోరైడును తీసేస్తుంది. కాని లోపలి పొరను వేళకు మార్చారో లేదో పంచాయతీని అడగండి. నల్గొండ పేరుతోనే ఒక పద్ధతి ఉంది. 1970ల్లో నాగపూరు పరిశోధన సంస్థ నీరీ వాళ్ళు తయారుచేశారు. పటిక, సున్నం కలిపి, కలియబెట్టి, తేరనిచ్చి, పైతేట తీసుకోవడం. పటిక ఎంత వెయ్యాలో నీటి పరీక్షను బట్టి ఉంటుంది, చేతికొలతతో చెయ్యకండి. ఇంకొకటి, తేయాకు నేలలోని ఫ్లోరైడును ఆకుల్లో దాచుకునే మొక్క. ఫ్లోరైడు నీళ్ళ ఊళ్ళో పాలు లేని చిక్కటి టీ గ్లాసులకు గ్లాసులు తాగడం మానుకోవాలి.

తిండిలో మనకు రెండు ఆసరాలున్నాయి. ఒకటి రాగి. వంద గ్రాముల రాగుల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, పాలలో ఉన్నదానికి రెండింతలకు పైన. కాల్షియం కడుపులో ఫ్లోరైడును పట్టుకుని ఒంటికి ఎక్కువ చేరనివ్వదు. మొలకెత్తించి పిండి పట్టిస్తే ఇంకా బాగా ఒంటబడుతుంది. ఇంత మన పంట అనుకుంటాం గాని, రాగి పుట్టిల్లు తూర్పు ఆఫ్రికా, వేల ఏళ్ళ కిందట ఇక్కడికి వచ్చింది. కర్ణాటకలో లక్ష్మణయ్య అనే శాస్త్రజ్ఞుడు మన రాగినీ ఆఫ్రికా రాగినీ మళ్ళీ కలిపి కొత్త వంగడాలు తీశారు. ఇండియా, ఆఫ్రికా పేర్లు కలిపి వాటికి ఇండాఫ్ అని పేరు. రెండోది చింతపండు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు 2002లో ప్రకటించిన పరిశోధనలో, రోజుకు 10 గ్రాముల చింతపండు తిన్న పిల్లల మూత్రంలో ఫ్లోరైడు ఎక్కువగా బయటికి పోయింది. సంగటి, చింతపండు పులుసు కలిసొచ్చినందుకు సంతోషమే గాని, అది మందు కాదు. మంచినీళ్ళకు బదులు పులుసు రాదు.

ఫ్లోరైడు లేని నీళ్ళు మనకు ఉచితంగా దొరికేది ఒక్కచోటే, ఆకాశంలో. పది అడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడుగు మిద్దె ఉందనుకోండి. మన వైపు ఏడాది వాన సుమారు 700 మిల్లీమీటర్లు. ఐదోవంతు వృథా పోయినా 10 వేల లీటర్లు వస్తాయి. ఐదుగురి తాగడానికీ వంటకూ రోజుకు 25 లీటర్ల చొప్పున ఏడాదికి 9 వేల చిల్లర. లెక్క సరిపోతుంది, తొట్టే పెద్దది కావాలి. అంత కట్టలేకపోతే పిల్లల వరకైనా నిలవ చేసుకోండి. మొదటివాన మిద్దె కడిగి పోనివ్వండి. తొట్టికి వెలుతురు తగలకుండా మూత, దోమ దూరకుండా వల ఉండాలి. ఈ నీళ్ళను మాత్రం కాచే తాగాలి. 2018 నుంచి బెంగుళూరు మురుగును శుద్ధిచేసి కోలారు చెరువులకు వదులుతున్నారు. అది భూగర్భజలం పెరగడానికి, తాగడానికి కాదు. చెరువు నిండిందని బిందె ముంచకండి.

ముందుగా చెయ్యవలసింది మీ బోరు నీటి పరీక్ష. జిల్లా కేంద్రంలో గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాల ఉంటుంది, పంచాయతీలో అడిగినా దారి చెబుతారు. బోరును కాసేపు ఆడించి, పాతనీరు పోయాక పట్టండి. ఎండాకాలం ఒకసారి, వానల తర్వాత ఒకసారి చేయిస్తే తేడా తెలుస్తుంది. నీళ్ళు పట్టే సీసా శుభ్రమైన ప్లాస్టిక్కుది కావాలి. గాజుసీసా వద్దు. గాజుకూ ఫ్లోరైడుకూ పడదు, లెక్క తప్పు రావచ్చు.